రిఫ్లెక్సాలజీ చిరువృత్తిలో సాఫ్ట్‌వేర్ సాధనాల ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాదాలలోని నిర్దిష్ట స్థానాలను నొక్కి ఉపశమనం కలిగించే రిఫ్లెక్సాలజీ ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకొన్న వృత్తి. ఒక్కరే నడుపుకొనే ఈ వృత్తికేంద్రానికి మూడు రకాల నమోదులు అవసరం: వేళలు, డబ్బు, క్లయింటు పాదస్థితి. మొదటి రెండూ కంప్యూటరులోకి త్వరగా చేరాయి. మూడోది చాలాకాలం కాగితం మీదనే ఉండిపోయింది. ఈ వ్యత్యాసానికి కారణాలనూ, దానివల్ల సాధనాల ఎంపికలో ఏర్పడిన చిక్కులనూ ప్రధానంగా అమెరికా, బ్రిటన్‌ల నుంచి తీసుకొన్న ఉదాహరణలతో పరిశీలించి, తెలుగులో నమోదు చేసుకొనేవారికి ఆ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రిఫ్లెక్సాలజీ, పాదపటం, కార్డు సూచిక, అపాయింట్‌మెంట్ పుస్తకం, డేటాబేస్, సమాచార రక్షణ చట్టం, తెలుగు యూనికోడ్.

1. ప్రవేశిక

ఒక గది, ఒక వాలుకుర్చీ, దాని ముందు పొట్టి స్టూలు, నాలుగు తువ్వాళ్లు, గోడ మీద రెండు పాదాల పటం. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ రిఫ్లెక్సాలజిస్టు వృత్తికేంద్రం చాలావరకు ఇంతే. యజమాని, పనివారు, గుమాస్తా, గణకులు అందరూ ఒక్కరే. ఇంత చిన్న వృత్తికి సాఫ్ట్‌వేర్ చరిత్ర ఏముంటుందన్న సందేహం సహజం. ఆసుపత్రుల కంప్యూటరీకరణ మీద గ్రంథాలు వచ్చాయి. బ్యాంకుల మీద, రైల్వేల మీద వచ్చాయి. ఒంటిచేతి వృత్తుల గురించి అటువంటి పరిశీలన అరుదు. అయితే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కొన్ని అపాయింట్‌మెంట్ సాధనాలు పెద్ద ఆసుపత్రుల అవసరాల నుంచి పుట్టలేదు. మర్దన, వ్యాయామ చికిత్స వంటి స్పర్శప్రధానమైన చిన్న వృత్తుల ఇబ్బందే వాటికి మూలం. ఆ ఇబ్బంది ఎటువంటిదో గుర్తించినప్పుడే, సాధనాల ఎంపికలో ఏది తీరింది, ఏది తీరలేదు అన్నది తేటపడుతుంది.

2. పాదపటం: ఒక నమోదు పత్రం పుట్టుక

రిఫ్లెక్సాలజీ ప్రచారకులు తమ విద్యకు ప్రాచీనత్వాన్ని ఆపాదించడం పరిపాటి. ఈజిప్టులోని సక్కారాలో ఆరో రాజవంశ కాలపు అంఖ్‌మాహోర్ సమాధి గోడ మీద చేతులకూ కాళ్లకూ ఉపచారం చేస్తున్న శిల్పాన్ని వారు తరచుగా చూపుతారు. ఆ శిల్పంలో పాదాన్ని పట్టుకొన్న మనిషి ఉన్నాడే గాని, పాదంలో శరీరావయవాలు ప్రతిఫలిస్తాయన్న సిద్ధాంతం లేదు. మన దేశంలో పాదాభ్యంగాన్ని దీనితో కలిపి చెప్పడం కూడా ఇటువంటిదే. చరకసంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయంలో పాదాభ్యంగ ప్రయోజనాలు ఉన్నాయి. అది దినచర్యలో భాగమైన తైలమర్దనం. కాలేయానికి ఒక స్థానం, మూత్రపిండానికి ఒక స్థానం అని పాదాన్ని గళ్లుగా విభజించే పటం అందులో లేదు. పాదాన్ని ఒత్తడం ఎంత పాతదైనా పాదపటం మాత్రం కొత్తది.

ఆ పటానికి పునాది వేసినవారు కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యులుగా ఉన్న విలియం ఫిట్జెరాల్డ్. శరీరాన్ని తల నుంచి కాలివేళ్ల దాకా నిలువుగా పది మండలాలుగా విభజించి, ఒక మండలంలో ఒకచోట నొక్కితే అదే మండలంలో మరొకచోట నొప్పి తగ్గుతుందని ఆయన ప్రతిపాదించారు. ఎడ్విన్ బవర్స్‌తో కలిసి 1917లో 'జోన్ థెరపీ' గ్రంథాన్ని వెలువరించారు. ఆ తరువాత జో షెల్బీ రైలీ ఈ నిలువు మండలాలకు అడ్డ విభాగాలను చేర్చారు. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రైలీ వద్ద పనిచేసిన యూనిస్ ఇంగమ్ 1930లలో ఈ పద్ధతిని పాదాలకు పరిమితం చేసి, ఒక్కొక్క అవయవానికి పాదంలో ఒక్కొక్క స్థానాన్ని గుర్తిస్తూ పటాన్ని రూపొందించారు. బొటనవేలు తలకు, పాదపు లోపలి అంచు వెన్నెముకకు, మడమ నడుము కింది భాగానికి ప్రతినిధులయ్యాయి. 1938లో వెలువడిన ఆమె పుస్తకం పేరు 'స్టోరీస్ ది ఫీట్ కెన్ టెల్'. పాదాలు చెప్పగల కథలు అని అర్థం. ఇంగమ్ వద్ద నేర్చిన డోరీన్ బేలీ 1960లలో దీనిని బ్రిటన్‌కు తీసుకువెళ్లారు.

ఈ పటం శాస్త్రీయంగా నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఎడ్జర్డ్ ఎర్న్‌స్ట్ 2009లో మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ప్రచురించిన సమీక్షలో 18 యాదృచ్ఛిక నియంత్రిత పరీక్షలను పరిశీలించారు. ఏ వ్యాధికైనా రిఫ్లెక్సాలజీ సమర్థమైన చికిత్స అని నమ్మించగల ఆధారం లేదని తేల్చారు. చేయించుకొన్నవారికి హాయిగా ఉండవచ్చు. దానిని రోగనిర్ధారణగా పరిగణించడం తగదు. ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు పాదపటానికి మరొక ప్రాముఖ్యం ఉంది. అది బోధనకు పనికివచ్చే బొమ్మ మాత్రమే కాక, నమోదు పత్రం కూడా అయింది. రిఫ్లెక్సాలజిస్టు ఒక్కొక్క క్లయింటుకు రెండు పాదాల రేఖాచిత్రం ఉన్న కాగితం తీసుకొని, ఏ స్థానం నొప్పిగా ఉంది, ఎక్కడ వేలికి ఇసుకరేణువుల్లా తగిలింది, ఎక్కడ ఆనెకాయ ఉంది అన్నవి పెన్సిలుతో గుర్తిస్తారు. తరువాతి వారం మరో కాగితం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మార్పు కనబడుతుంది. అంటే ఈ వృత్తికి కీలకమైన నమోదు మాటలలోనూ అంకెలలోనూ లేదు. బొమ్మ మీద పెట్టిన గుర్తులలో ఉంది. తరువాతి చిక్కులన్నీ ఇక్కడినుంచే మొదలయ్యాయి.

3. చిట్టా నుంచి కార్డు దాకా

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా పాశ్చాత్య వైద్యులు రోగుల వివరాలను దుకాణదారు చిట్టా రాసినట్టే రాసేవారు. తేదీ వారీగా ఒకరి తరువాత ఒకరు. ఒకే రోగి మూడుసార్లు వస్తే మూడు పుటలలో వెతకవలసిందే. ఈ పద్ధతిని మార్చినవారిలో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన హెన్రీ ప్లమ్మర్ ముఖ్యులు. 1907లో ఆయన ప్రతి రోగికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య కింద ఆ రోగికి సంబంధించిన కాగితాలన్నీ ఒకేచోట అనే ఏర్పాటు ప్రవేశపెట్టారు. నేడు అతి సామాన్యంగా తోచే ఈ ఏర్పాటుతో నమోదుకు కేంద్రం తేదీ నుంచి మనిషికి మారింది. ఆవర్జాలో ఖాతాదారు పేరున ఒక పుట తెరిచే మన షాహుకారు పద్ధతి ఎరిగినవారికి ఇందులో వింత కనబడకపోవచ్చు. వైద్యంలోకి మాత్రం అది ఆలస్యంగానే వచ్చింది.

చిన్న వృత్తులకు ఈ ఏర్పాటు కార్డుల రూపంలో అందింది. గ్రంథాలయాల కోసం మెల్విల్ డ్యూయీ 1876లో నెలకొల్పిన లైబ్రరీ బ్యూరో సంస్థ కార్డులనూ, వాటికి సరిపడే సొరుగులనూ వ్యాపార సంస్థలకు కూడా అమ్మింది. కార్డు అంచులు మెట్లు మెట్లుగా కనిపించే కార్డెక్స్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన ర్యాండ్ సంస్థ 1927లో రెమింగ్టన్ టైప్‌రైటర్ సంస్థతో కలిసి రెమింగ్టన్ ర్యాండ్ అయింది. 1951లో అమెరికా జనగణన శాఖకు యూనివ్యాక్ కంప్యూటరును అందించినది కూడా ఈ రెమింగ్టన్ ర్యాండే. కార్డుపెట్టె అమ్మినవారి ఇంటి నుంచే కంప్యూటరు కూడా అమ్మకానికి వచ్చిందన్నమాట.

ఒంటరి రిఫ్లెక్సాలజిస్టుకు కార్డుపెట్టె చాలా అనువైన సాధనం. కార్డు ముందువైపు పేరు, చిరునామా, మందుల వివరాలు. వెనుకవైపు లేదా జతచేసిన కాగితం మీద పాదపటం. విద్యుత్తు అవసరం లేదు, చందా లేదు, తాళం వేసుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. ఆ గదిలో లేనప్పుడు అందుబాటులో ఉండదు. అగ్నిప్రమాదానికి, తేమకు లొంగుతుంది. రాసినవారి దస్తూరీ మరొకరికి అర్థం కాకపోవచ్చు. 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లారెన్స్ వీడ్ ప్రచురించిన వ్యాసం ఈ చివరి లోపాన్ని సరిదిద్దడానికి ఒక క్రమాన్ని సూచించింది. రోగి చెప్పినది, పరీక్షలో కనబడినది, దాని మీద అంచనా, తరువాతి ప్రణాళిక అన్న నాలుగు భాగాలుగా రాయడం దానిలోని ముఖ్యాంశం. ఆంగ్లంలో ఆ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి 'సోప్' అంటారు. ఆసుపత్రుల కోసం పుట్టిన ఈ క్రమం మసాజ్, రిఫ్లెక్సాలజీ శిక్షణలలోకి కూడా పాకింది. ఒకటి గమనించాలి: రోగి చెప్పినదానిని, చికిత్సకులు చూసినదానిని విడివిడిగా రాయాలన్న నియమం ఇక్కడ స్పష్టమైంది. తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ పట్టింపు కొరవడింది.

4. సొంత కంప్యూటరు, ఇరుకైన గళ్లు

1977లో ఆపిల్ 2 కంప్యూటరు 1,298 డాలర్ల ప్రారంభ ధరకు వచ్చింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ దాని కోసం విజిక్యాల్క్ తయారుచేశారు. అడ్డువరుసలు, నిలువువరుసలు, ఒక అంకె మారిస్తే మొత్తం మారే లెక్క. చిన్న వ్యాపారికి కంప్యూటరు కొనడానికి మొదటి బలమైన కారణం ఇదే. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ దాని బాటలో వచ్చాయి. ఈ విధంగా ముందుగా కంప్యూటరులోకి వెళ్లినది డబ్బు. ఆవర్జా అప్పటికే గళ్ల కాగితం కనుక దానిని తెర మీదికి మార్చడం కష్టం కాలేదు.

క్లయింట్ల జాబితా తరువాతిది. అమెరికా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో పనిచేసిన వేన్ రాట్లిఫ్ ఫుట్‌బాల్ పందేల లెక్కలకు సాయంగా ఇంట్లో రాసుకొన్న ప్రోగ్రామును ఆష్టన్-టేట్ సంస్థ 1980ల తొలినాళ్లలో డీబేస్ 2 పేరిట అమ్మింది. 1985లో మెకింతోష్ కోసం ఫైల్‌మేకర్ వచ్చింది. ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా తమ కార్డు ఎలా ఉండాలో తెర మీద తామే గీసుకోగలగడం ఫైల్‌మేకర్ సౌకర్యం. చిన్న వృత్తులవారికి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

అయితే డేటాబేస్ గడి ఒక నిబంధన విధిస్తుంది. అందులో పట్టేది పేరు, తేదీ, అంకె, కొద్దిపాటి వాక్యం. ఎడమ అరికాలి మధ్యలో, కొద్దిగా బయటికి, గోరంత మేర గట్టిపడినచోటును ఆ గడిలో ఎలా రాయాలి? కాగితం మీద ఒక చుక్క చాలు. డేటాబేస్‌లో ఒక వాక్యం కావాలి. ఆ వాక్యం ప్రతివారమూ ఒకే తీరున రాయకపోతే పోల్చడం సాధ్యం కాదు. అందువల్ల ఆనాటి సాధనాలు ఈ వృత్తిని నిలువునా చీల్చాయి. లెక్కలు, చిరునామాలు యంత్రంలోకి వెళ్లాయి, పాదపటం సొరుగులో ఉండిపోయింది. ఈ చీలికను వెనుకబాటుగా లెక్కించడం పొరపాటు. తన వృత్తికి కీలకమైనది యంత్రంలో పట్టదని గ్రహించినవారు దానిని కాగితం మీద ఉంచుకోవడం వివేకమే.

ఇంకొక చిక్కు కాలం గడిచాక గాని బయటపడలేదు. కార్డు చదవడానికి కన్ను చాలు. ఫైలు చదవడానికి దానిని రాసిన సాఫ్ట్‌వేర్ బతికి ఉండాలి. లోటస్ 1-2-3కు ఐబీఎం 2014లో మద్దతు నిలిపివేసింది. మెకింతోష్ మీద వ్యక్తుల, చిన్న వ్యాపారుల అవసరాల కోసం 2008లో విడుదలైన బెంటో అనే డేటాబేస్‌ను దాని తయారీదారులే 2013లో ఆపివేశారు. దాని ఆయుష్షు ఆరేళ్లు నిండలేదు. నెలకు రెండుసార్లు పదేళ్లపాటు వచ్చే క్లయింటు ఉన్న వృత్తిలో ఆరేళ్ల సాధనం ఎంతకాలపు నమోదును మోయగలదు?

తెలుగు ప్రచురణరంగం ఈ నష్టాన్ని స్వయంగా చవిచూసింది. యూనికోడ్‌కు ముందు అను ఫాంట్లలో కూర్చిన వేల పుటలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. వాటిలో ఒక మాట వెతకాలన్నా, కొత్త ముద్రణకు వాడాలన్నా ముందు మార్పిడి చేయాలి, తరువాత ప్రతి పుటనూ సరిచూడాలి. పుస్తకం అచ్చులో మిగిలింది కనుక ఆ నష్టం భరించదగినదైంది. క్లయింటు నమోదుకు అచ్చుప్రతి ఉండదు.

5. ఫోను ఎత్తే చేయి

వేళల సంగతికి వస్తే, రిఫ్లెక్సాలజిస్టుకు ఉన్న ఇబ్బంది దంతవైద్యుడికి లేదు, న్యాయవాదికీ లేదు. చేతులు క్లయింటు పాదం మీద ఉన్న గంటసేపు ఫోను ఎత్తేవారుండరు. ఎత్తితే ఆ క్లయింటు విశ్రాంతి చెడుతుంది, ఎత్తకపోతే కొత్త క్లయింటు మరొకరిని వెతుక్కుంటారు. గుమాస్తాను పెట్టుకొనే ఆదాయం ఉండదు. ఉదాహరణకు వారానికి ఇరవైమంది క్లయింట్లు అనుకొంటే, చెప్పకుండా మానేసినవారు ఇద్దరైనా ఆ వారపు రాబడిలో పదోవంతు పోయినట్టే.

అమెరికాలో 2006లో మొదలైన అక్యూటీ షెడ్యూలింగ్ పుట్టుక కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. మసాజ్ థెరపిస్టు అయిన తన తల్లి కోసం ఒక కొడుకు రాసిన ప్రోగ్రాము అది. ఖాళీ వేళలను ఇంటర్నెట్‌లో చూపితే క్లయింటే తనకు కుదిరిన వేళను ఎంచుకొంటారు. గుర్తుచేసే ఉత్తరం దానంతటదే వెళుతుంది. అదే సంవత్సరం గూగుల్ క్యాలెండర్ కూడా వచ్చింది. కెనడాలోని నార్త్ వాంకూవర్‌లో క్లినిక్ నడుపుతూ తనకు తగిన సాఫ్ట్‌వేర్ దొరకని ఆలిసన్ టేలర్, ట్రెవర్ జాన్‌స్టన్‌తో కలిసి 2010ల తొలి భాగంలో జేన్ అనే సాధనాన్ని రూపొందించారు. ఆస్ట్రేలియాలో 2011లో క్లినికో వచ్చింది. చెల్లింపుల వైపు 2009లో స్థాపితమైన స్క్వేర్ సంస్థ, ఫోనుకు తగిలించుకొనే చిన్న కార్డు రీడరుతో ఒంటరి వృత్తులవారికి కూడా క్రెడిట్ కార్డు తీసుకొనే వీలు కల్పించింది. తొలినాళ్లలో అమెరికాలో దాని రుసుము ప్రతి కార్డు చెల్లింపు మీద 2.75 శాతం, అరవై డాలర్ల బేరంలో ఒక డాలరు అరవై అయిదు సెంట్లు.

జేన్, క్లినికో వంటి సాధనాలు మరొక అడుగు వేశాయి. శరీరపటం మీద తెరపైనే గీసి దాచుకొనే వీలును అవి కల్పించాయి. 2010లో ఐప్యాడ్ వచ్చి వేలితో గీయడం సులువయ్యాక ఇది అక్కరకు వచ్చింది. పాదపటం యంత్రంలోకి చేరడానికి విజిక్యాల్క్ నుంచి లెక్కిస్తే మూడు దశాబ్దాలు పట్టింది.

అప్పటికి సాధనం స్వభావమే మారిపోయింది. డీబేస్ కొనుక్కొంటే డిస్కు చేతికి వచ్చేది. కొత్తవి నెలవారీ చందా మీద దొరుకుతాయి. సమాచారం సంస్థ సర్వర్లలో ఉంటుంది. చందా ఆగితే తలుపు మూసుకొంటుంది. పైగా ఈ అద్దె పుస్తకాలకు యజమానులు మారుతుంటారు. యోగా, వ్యాయామ కేంద్రాల బుకింగులతో ఎదిగిన మైండ్‌బాడీ సంస్థను 2019లో ఒక పెట్టుబడి సంస్థ సుమారు 190 కోట్ల డాలర్లకు కొన్నది. అదే సంవత్సరం అక్యూటీని స్క్వేర్‌స్పేస్ కొన్నది. తల్లి కోసం రాసిన అపాయింట్‌మెంట్ పుస్తకం పెద్ద సంస్థల ఆస్తి పట్టికలో ఒక పద్దు అయింది. ఇందులో అన్యాయం జరిగిందని చెప్పడానికి లేదు. కాకపోతే చందా కట్టేవారికి ఆ బేరంలో మాట ఉండదు.

6. చట్టం దృష్టిలో కార్డు, ఫైలు

బ్రిటన్‌లో అసోసియేషన్ ఆఫ్ రిఫ్లెక్సాలజిస్ట్స్ 1984లో ఏర్పడింది. ఆ దేశపు తొలి సమాచార రక్షణ చట్టమూ అదే సంవత్సరపుది. ఆ చట్టం యంత్రం ద్వారా నడిచే సమాచారానికే వర్తించింది. కార్డుపెట్టె దాని పరిధిలో లేదు. కంప్యూటరు కొన్న రిఫ్లెక్సాలజిస్టుకు చట్టబాధ్యత, కాగితం మీద రాసుకొన్న పొరుగువారికి స్వేచ్ఛ. 1998 చట్టం ఒక క్రమంలో అమర్చిన కాగితపు దస్త్రాలను కూడా చేర్చుకొని ఈ తేడాను తగ్గించింది. 2018 మే 25 నుంచి అమలైన యూరోపియన్ సాధారణ సమాచార రక్షణ నిబంధన, ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గంలో ఉంచింది. సాఫ్ట్‌వేర్ సంస్థను సమాచారాన్ని మరొకరి తరఫున నిర్వహించేదిగాను, దానిని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని నియంత్రకులుగాను అది వేరుచేసింది. అంటే ఒక్క గదిలో పనిచేసే రిఫ్లెక్సాలజిస్టే చట్టం దృష్టిలో నియంత్రకులు. సర్వరు ఎక్కడున్నా బాధ్యత ఆ గదిలోనే ఉంటుంది.

అమెరికాలో పరిస్థితి వేరు. 1996 నాటి హిపా చట్టం ప్రధానంగా బీమా సంస్థలకూ, బీమా బిల్లుల వంటి లావాదేవీలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడిపే వైద్యసేవకులకూ వర్తిస్తుంది. బీమాతో సంబంధం లేకుండా నేరుగా రుసుము తీసుకొనే రిఫ్లెక్సాలజిస్టు చాలావరకు దాని వెలుపలే ఉంటారు. 'హిపాకు అనుగుణం' అన్న ముద్ర చూసి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనేవారు ముందు తమకు ఆ చట్టం వర్తిస్తుందో లేదో చూసుకోవడం మేలు. చట్టం వర్తించనంత మాత్రాన క్లయింటు నమ్మకానికి విలువ తగ్గదన్నది కూడా అంతే నిజం.

ఆ నమ్మకం పోతే ఏమవుతుందో ఫిన్లాండ్‌లో తెలిసింది. అక్కడి వస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ నుంచి దొంగిలించిన నమోదులతో 2020 అక్టోబరులో క్లయింట్లకే బెదిరింపు సందేశాలు వచ్చాయి. సొమ్ము చెల్లించకపోతే చికిత్సలో చెప్పుకొన్న సంగతులు బయటపెడతామన్నది ఆ సందేశాల సారం. బాధితులు 30,000కు పైగా. మరుసటి సంవత్సరం ఆ సంస్థ దివాలా తీసింది. రిఫ్లెక్సాలజీకీ మానసిక చికిత్సకూ పోలిక ఏమిటని అడగవచ్చు. కాళ్లు చాపుకొని కళ్లు మూసుకొన్న మనిషి ఆ గంటలో ఇంటి సంగతులు చెబుతారు. గర్భస్రావం గురించి, నిద్రమాత్రల గురించి, విడాకుల గురించి చెబుతారు. విన్నదాంట్లో కొంత నమోదులోకి వెళుతుంది. ఏది రాయకూడదో తెలిసి ఉండడం ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్నదానికంటే ముందరి విషయం.

7. ఎంపికలో ముందువెనుకలు

సాధనాల అమ్మకందారులు సాధారణంగా బుకింగు సౌకర్యాన్ని ముందు చూపుతారు, తరువాత చెల్లింపులను, చివరగా నమోదును. ఈ క్రమం చరిత్రలో ఏది సులువుగా కంప్యూటరులోకి వెళ్లిందో దానిని అనుసరించినది. వృత్తికి ఏది ముఖ్యమో దానిని అనుసరించినది కాదు. ఎంపిక తిరుగుక్రమంలో సాగాలి. ముందుగా పాదపటం నమోదు ఎలా ఉంటుందో చూడాలి. తెర మీద గీయవచ్చా, మూడు నెలల కిందటి పటాన్ని నేటిదాని పక్కన పెట్టి చూడవచ్చా, గీసిన బొమ్మ సంస్థను వదిలి బయటికి వస్తుందా?

చివరి ప్రశ్న చాలా సాధనాలకు గట్టి పరీక్ష. క్లయింట్ల పేర్లు, ఫోను నంబర్లు ఎక్సెల్‌లో తెరుచుకొనే పట్టికగా దించుకొనే వీలు దాదాపు అన్నింటిలో ఉంటుంది. ఏళ్లపాటు రాసిన చికిత్సా వివరాలు, వాటి తేదీలతో, బొమ్మలతో ఒక్కసారిగా చేతికి వచ్చేవి తక్కువ. దీనిని ప్రకటనలు చదివి తేల్చుకోలేరు. ఉచిత పరిశీలన గడువులోనే ఇద్దరు కల్పిత క్లయింట్లను సృష్టించి, పటం గీసి, అంతా బయటికి దించి, ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ లేని మరో కంప్యూటరులో తెరిచి చూడాలి. అరగంట పని. ఇది చేయకుండా చందా కట్టినవారు అయిదేళ్ల తరువాత వందల పుటలను ఒక్కొక్కటిగా తెరిచి అచ్చు తీసుకోవలసి రావచ్చు.

అన్నీ ఒకే సాధనంలో ఉండడం మేలా, విడివిడిగా ఉండడం మేలా అన్న చర్చకు ఒకే జవాబు లేదు. ఒకేచోట ఉంటే పేరు ఒక్కసారే రాస్తే చాలు, తప్పులు తగ్గుతాయి. విడిగా ఉంటే ఒకటి మూతపడినా మిగిలినవి నిలుస్తాయి. వేళలు, రసీదులు అద్దె సాధనంలో ఉంచి, పాదపటాలను తాళం వేసిన పెట్టెలోనో, సొంత కంప్యూటరులో మామూలు బొమ్మఫైళ్లుగానో ఉంచుకొనే పాత చీలికే వారానికి ఇరవైమంది క్లయింట్లున్నవారికి ఇప్పటికీ సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే కేంద్రానికి సరిపోదు. ఒకరు గీసినది మరొకరికి అదే రోజు కనబడాలి.

8. తెలుగులో నమోదు

తెలుగు నగరాలలో కూడా రిఫ్లెక్సాలజీ పేరిట పాదమర్దన కేంద్రాలు నడుస్తున్నాయి. చిన్న వృత్తులవారు వేళలకు వాట్సాప్‌ను, చెల్లింపులకు 2016లో వచ్చిన యూపీఐని వాడడం సర్వసాధారణమైంది. అంటే ఇక్కడ కూడా వేళలు, డబ్బు ముందే ఫోనులోకి వెళ్లాయి. 2023 నాటి భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం డిజిటల్ రూపంలో సేకరించినదానికి, లేదా తరువాత ఆ రూపంలోకి మార్చినదానికి వర్తిస్తుంది. కాగితం మీదనే ఉన్న పుస్తకం దాని వెలుపల ఉంటుంది. బ్రిటన్ 1984లో గీసిన గీత దాదాపు నలభై ఏళ్ల తరువాత మన చట్టంలోనూ కనబడుతుంది. ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా ఈ చట్టం వేరుచేయలేదు కూడా.

భాష విషయంలో ఇక్కడి సమస్య అమెరికాలో లేనిది. అంతర్జాతీయ సాధనాలలో నొప్పిని నమోదు చేయడానికి తరచుగా సిద్ధం చేసిన జాబితా ఉంటుంది. ఉన్న నాలుగైదు ఆంగ్లపదాల్లో ఒకదానిని ఎంచుకోవాలి. తెలుగు మనిషి తన కాలి గురించి చెప్పేటప్పుడు సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు. కాళ్లు పీకుతున్నాయంటే ఒకటి, పిక్కలు పట్టేశాయంటే మరొకటి, కొంకర్లు పోయాయంటే ఇంకొకటి. తెలంగాణలో నరాలు గుంజుతున్నాయంటారు. తిమ్మిరెక్కడానికీ మొద్దుబారడానికీ తేడా పదిమందికీ తెలుసు. మొదటిది కాసేపటికి పోతుంది, రెండోదానికి వైద్యుని దగ్గరికి పంపాలి. అరికాళ్ల మంటలు, స్పర్శ తెలియకపోవడం మధుమేహంలో నరాలు దెబ్బతిన్న సూచన కావచ్చు కనుక ఈ తేడాను సరిగా రాయడం మర్యాదకు సంబంధించిన విషయంగా మిగలదు. జాబితాలోని ఒక్క ఆంగ్లపదం కింద ఈ రెండూ కలిసిపోతే, ఎవరిని వైద్యుని వద్దకు పంపాలన్నది ఆ నమోదు చూసి చెప్పలేరు. వీడ్ కోరిన 'రోగి చెప్పినది' రోగి మాటల్లోనే ఉండాలి.

సాంకేతికంగా అడ్డంకి తొలగి చాలాకాలమైంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. నేటి ఫోనులో తెలుగు రాయడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. కాబట్టి తెలుగులో నమోదు చేసుకోదలచినవారు ముందు చెప్పిన అరగంట పరీక్షకు మరో అయిదు నిమిషాలు కలుపుకోవాలి. కల్పిత క్లయింటు కింద 'మొద్దుబారింది' అని రాసి, దాచి, వెతుకులాట గడిలో అదే మాట కొట్టి చూడాలి. దించుకొన్న పట్టికలోనూ, అచ్చుకు తయారైన ప్రతిలోనూ ఒత్తులు, గుణింతాలు చెదరకుండా ఉన్నాయో లేదో చూడాలి. తెర మీద చక్కగా కనబడిన తెలుగు దించుకొన్న ప్రతిలో ఖాళీ డబ్బాలుగా మారడం అరుదేమీ కాదు.